ఉప్పు పెట్టిన తుపాకీ

లాంకాస్టర్, పెన్సిల్వేనియా
ఆగస్టు 11

తమ్ముడు మెర్ల్‌కి,

ఫోన్‌లో మాట్లాడితే ప్రభుత్వం వింటుందనీ, ఏదైనా ఉంటే ఉత్తరం రాయమనీ మీ అబ్బాయి చేత చెప్పించావు. సరే, రాస్తున్నాను. ఈ కవరు మోసుకొచ్చి నీ గుమ్మంలో పడేసే పోస్ట్‌మన్‌కి జీతం ఎవరిస్తారో మాత్రం ఆలోచించకు. నీకు నిద్ర పట్టదు.

సంగతికొస్తాను. నా కుడికన్ను పోతోంది. పుస్తకం తెరిస్తే పేజీ నడిమధ్య ఎవరో నూనె వేలు పెట్టి నొక్కినట్టు మసక. వచ్చే ఏటికి ఆ కంటితో గురి చూడటం కల్ల అని డాక్టరు చెప్పింది. చిన్నపిల్ల, ఆ మాట చెప్పడానికి మొహం చిన్నబుచ్చుకుంది. నేనే ఓదార్చి వచ్చాను.

కాబట్టి ఈ నవంబరు వేటే నాకు ఆఖరుది. అది నాన్న రైఫిల్‌తో చెయ్యాలని ఉంది. నాన్న చెంప ఆన్చి ఆన్చి నున్నబడిన ఆ తుపాకీ కర్ర మీద నా చెంప ఆన్చి ఒక్క ఉదయం కూర్చోవాలి. అంతే. "ఇది విల్డాది" అని వంటింటి బల్ల దగ్గర నాన్న అన్నప్పుడు నువ్వూ అక్కడే ఉన్నావు. నోటినిండా బంగాళాదుంప ఉంది కనక అభ్యంతరం చెప్పలేకపోయావు. అంత్యక్రియల మర్నాడు మాత్రం ఆ తుపాకీ నీ ట్రక్కులో తేలింది. మగపిల్లాడివి కదా. మొదటి జింకను కోస్తుంటే పొదల్లోకి పరుగెత్తి వాంతి చేసుకున్న మగపిల్లాడివి.

థాంక్స్‌గివింగ్ పండక్కి మన ఊరు వస్తాను. ఆ శనివారమే వేట మొదలు. నూనె రాసి సిద్ధంగా ఉంచు.

అక్క
విల్డా


హెమ్లాక్ ఫోర్డ్
సెప్టెంబరు 2

అక్కా,

నీ కన్ను సంగతి చదివి మనసంతా పాడైపోయింది. నీ మరదలు ఐలీన్ బతికుంటే నీకు ఏ ఆపిల్ కేకో చేసి పంపేది. నేనేం చెయ్యగలను? నీ కోసం ప్రార్థన చేస్తున్నాను.

తుపాకీ మాట ఇప్పుడు కాదక్కా. ఎన్నికలవనీ. ఈసారి వట్టి మాటలు కావు. గవర్నరు వాళ్ళవాడే. దిగువ సభ వాళ్ళదే. రాష్ట్ర సెనేట్ ఒక్కటే మన చేతిలో ఉంది, అదీ దారప్పోగు మీద వేలాడుతోంది. అది తెగిందంటే మొదట కొనడానికి పర్మిట్ అంటారు. తర్వాత ఉన్నవాటికి రిజిస్టర్ అంటారు. ఆ తర్వాత గుమ్మం ముందు వ్యాను ఆగుతుంది. చరిత్ర చెప్పేది ఇదే. గ్రోవర్ తుపాకుల కొట్లో తూటాల అరలు ఖాళీ. సెనేట్‌కి వాళ్ళ తరఫున నిలబడ్డావిడ ఫొటో గల్లాపెట్టె మీద అంటించి, కింద "ఈ నెల మా ఉత్తమ అమ్మకందారు" అని రాశాడు గ్రోవర్. జనం నవ్వుకుంటూ పెట్టెలు మోసుకెళ్తున్నారు. నేనూ మోశాను.

ఇలాంటప్పుడు తుపాకీ చేతులు మారటం మంచిది కాదు. నా ట్రక్కు వెనక అంటించింది చూశావుగా: తుపాకీ కావాలంటే నేను చచ్చాక నా చేతుల్లోంచి లాక్కోండి, అని. అది సరదాకి అంటించుకున్నది కాదు.

ఇంకో మాట. నాన్న అది నీదని ఎందుకన్నాడో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. నేనేం తక్కువ చేశాను?

నీ తమ్ముడు
మెర్ల్


లాంకాస్టర్
సెప్టెంబరు 9

ఒరేయ్ మెర్ల్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, మసకలో ఏమైనా తప్పు చదివానేమోనని. లేదు. తప్పు నా కంట్లో లేదు.

ఏళ్ళతరబడి పిల్లలకి లాటిన్ చెప్పినదాన్ని, వాక్యం విడగొట్టి చూడందే నాకు తోచదు. అక్కకి తమ్ముడు రైఫిల్ ఇస్తే ఇవాళ ఈ రాష్ట్రంలో ఏ కాగితమూ అక్కర్లేదు. ఎన్నికల తర్వాత ఇవ్వనివ్వరని నీ భయం. అప్పుడు బుద్ధున్నవాడు ఏం చేస్తాడు? ఎన్నికల ముందే ఇస్తాడు. నువ్వేమో ఎన్నికలవనీ అంటున్నావు. మబ్బు పట్టింది, ఆరేసిన బట్టలు వాన వెలిశాక తీద్దాం అన్నట్టుంది.

"చరిత్ర చెప్పేది ఇదే" అన్నావు. ఏ చరిత్ర? బళ్ళో నువ్వు రెండుసార్లు తప్పిన చరిత్రేనా? నాకు తెలిసిన చరిత్ర ఇది: నీకు ఓటు వచ్చిన దగ్గర్నుంచీ ప్రతి ఎన్నికల ముందూ నీ గుమ్మంలో ఆ వ్యాను ఆగబోతూనే ఉంది. వాళ్ళు గెలిచారు, ఓడారు, మళ్ళీ గెలిచారు. వ్యాను రాలేదు. ఈలోగా నీ తుపాకులు మాత్రం మూడు కాస్తా ముప్ఫై అయ్యాయి. ఇంత ఘోరంగా దోపిడీకి గురవుతున్నవాణ్ణి నేనింకెక్కడా చూడలేదు.

మీ ఊళ్ళో తెలివైనవాడు గ్రోవర్ ఒక్కడే. ఫొటో అంటించి నీకు నీ భయాన్నే పెట్టెల్లో కట్టి అమ్ముతున్నాడు. నువ్వు అది కొనుక్కుని, పైగా నువ్వే మోసుకుని, పైగా నవ్వుకుంటూ ఇంటికి వెళ్తున్నావు.

రైఫిల్ పంపించు. లేదా నేనే వచ్చి తెచ్చుకుంటాను.

విల్డా


హెమ్లాక్ ఫోర్డ్
అక్టోబరు 17

అక్కా,

నీ నోటికి దండం. నాన్న పోలిక అని అందరూ అనేవాళ్ళు. నాన్న కనీసం అన్నం దగ్గర తిట్టేవాడు కాదు.

నువ్వు పట్నంలో ఉన్నావు, నీకిక్కడి గాలి తెలీదు. సర్వేల్లో మనం వెనకబడ్డాం. నీ తోటి చదివిన ట్రూడీ కెస్లర్ గుర్తుందా? శ్మశానానికి ఎదురింట్లో ఉంటుంది, శ్మశానం కమిటీకి కార్యదర్శి. ఆవిడ వాళ్ళ పార్టీకి ఇల్లిల్లూ తిరుగుతోంది. మా గుమ్మం కూడా ఎక్కింది. "ఏం ట్రూడీ, నా తుపాకులు లాక్కోవడానికొచ్చావా?" అంటే, "నీ సామాను నాకెందుకు మెర్ల్, ఉన్న చెత్త ఎక్కడ పెట్టుకోవాలో తెలీక చస్తున్నా. ఓటు కోసం వచ్చా" అంది. మనిషి ఎంత గడుసో చూడు.

నాన్న తుపాకీకి ఢోకా లేదు. ఎక్కడుందని మాత్రం అడక్కు. రేపు నిన్ను బోనులో నిలబెట్టి అడిగినా నీకు తెలియకూడదు. ఎవరూ వెతకని చోట ఉంది. నేను బతికుండగా దాన్ని ఎవరూ కదపలేరు. మొన్న ట్రూడీ ఓట్ల పని మీద జిల్లా పట్నానికి వెళ్ళిన పూట నా పని నేను చూసుకున్నాను.

ఫలితాలు రానీ. అన్నీ సర్దుకుంటాయి.

మెర్ల్


లాంకాస్టర్
అక్టోబరు 26

మెర్ల్,

నీ మీద కోపంతో ఉన్నప్పుడు ఇక్కడివాళ్ళని చూస్తే కాస్త ఉపశమనంగా ఉంటుంది. మూర్ఖత్వం మన ఇంటి ఆస్తి మాత్రమే కాదని తెలుస్తుంది.

నిన్న మా అమ్మాయి ఇంట్లో విందు. దాని స్నేహితుడొకాయన, మెత్తటి చేతులవాడు, నా పక్కన కూర్చున్నాడు. "ఈసారి సెనేట్ మనదైతే చాలండీ, ఇక ఈ తుపాకుల పీడ విరగడైనట్టే" అన్నాడు. "ఏ తుపాకులు నాయనా?" అన్నాను. "అన్నీ" అన్నాడు. రైఫిల్‌కీ షాట్‌గన్‌కీ తేడా ఏమిటని అడిగితే, తేడా తెలుసుకోవటం కూడా తన నీతికి భంగమన్నట్టు చూశాడు. నేను నవంబరులో వేటకు వెళ్తున్నానన్నాను. నా పళ్ళెం పక్కనున్న కత్తిని నెమ్మదిగా తన వైపు జరుపుకున్నాడు.

ఆయనకి రేపు పండగ, నీకు రేపు ప్రళయం. నమ్మింది మాత్రం ఇద్దరూ ఒకే కట్టుకథని. అందులో ఓట్లు లెక్కపెట్టటం పూర్తికాగానే దేశంలో ఇనుమంతా ఆవిరైపోతుంది. జరిగేదేమిటో నేను చెప్తాను. ఎవరు గెలిచినా ఒక బిల్లు పుడుతుంది. కమిటీలో దాన్ని పిల్లకాని గుడ్డులా పొదుగుతారు. అది కుళ్ళేలోగా మళ్ళీ ఎన్నికలొస్తాయి. మళ్ళీ నువ్వు పెట్టెలు మోస్తావు, ఆయన విందుకొస్తాడు.

నా ఉద్యోగపు చివరి రోజుల్లో, ఎవడైనా తుపాకీతో బళ్ళోకి జొరబడితే ఏం చెయ్యాలో నేర్పడానికి, పిల్లలు బల్లల కింద నక్కి ఊపిరి బిగబట్టటం అభ్యాసం చేసేవాళ్ళు. తలుపుకి తాళం వేసి, దీపం ఆర్పి, వాళ్ళని లెక్కపెట్టేది నేను. అది మీ ఇద్దరిలో ఒక్కరికీ అనుభవం కాదు. అందుకే ఇద్దరికీ అన్ని మాటలు.

నేను ముందుగానే ఓటేసి వచ్చాను. ఎవరికో అడక్కు. రేపు నన్ను బోనులో నిలబెడితే నీకు తెలియకూడదు కదా.

విల్డా


హెమ్లాక్ ఫోర్డ్
నవంబరు 8

అక్కా!

గెలిచాం! సెనేట్ నిలబడింది! ఒకే ఒక్క సీటు తేడా. ఆ ఒక్క సీటూ మన కొండలదే. చర్చి బస్సు నిండా పట్టేన్ని ఓట్లతో గట్టెక్కాం. ఊళ్ళో ట్రక్కులు హారన్లు కొట్టుకుంటూ తిరిగాయి. నేను గొంతు పోయేలా అరిచాను. పర్మిట్లూ రిజిస్టర్లూ ఇక వాళ్ళ కలలోనే.

గ్రోవర్ ఒక్కడే మొహం వేలాడేశాడు. "గెలిచింది మీరు, మునిగింది నేను" అంటున్నాడు. ఫలితం వచ్చిన దగ్గర్నుంచీ కొట్లోకి ఈగ రాలేదట. ఆవిడ ఫొటో పీకి పారేస్తుంటే కళ్ళనీళ్ళు తిరిగాయిట పాపం.

నాన్న తుపాకీ నీకివ్వడానికి నాకిక ఏ అభ్యంతరమూ లేదు. నేనెప్పుడూ మాట మీద నిలబడేవాణ్ణే. అయితే నేల కొంచెం ఇబ్బందిగా ఉంది. వసంతంలో చూద్దాం.

మెర్ల్


లాంకాస్టర్
నవంబరు 13

ఏ నేల?

విల్డా


డేటన్, ఒహాయో
నవంబరు 19

అక్కా,

థాంక్స్‌గివింగ్‌కి మా అబ్బాయి దగ్గరికి వచ్చేశాను. నీ మొహం చూసి చెప్పే ధైర్యం లేక వచ్చానని నువ్వనుకుంటావు. అనుకో.

మిగతా తుపాకులన్నిటికీ రసీదులున్నాయి. అవి ఎక్కడున్నాయో వాళ్ళకి తెలుసు. ఏ కాగితంలోనూ లేనిది నాన్నదొక్కటే. దాన్నొక్కదాన్నైనా కాపాడదామనుకున్నాను. మురుగునీటి ప్లాస్టిక్ గొట్టం ఒకటి తెచ్చి, కర్రకి ఐలీన్ కుట్టిన బొంత చుట్టి, అందులో పెట్టాను. తేమ పీల్చడానికని, మెట్ల మీద మంచుకి చల్లే ఉప్పు సంచెడు పోశాను. రెండు వైపులా మూతలు బిగించాను. తీసుకెళ్ళి శ్మశానంలో మా చోట్లో పాతిపెట్టాను. ఐలీన్ పక్కన, నాది. రాయి మీద నా పేరూ పుట్టిన ఏడూ చెక్కి, చావు ఏడు ఖాళీగా ఉంచిన చోటు. అక్కడెవరు వెతుకుతారు? అంత పకడ్బందీగా చేశాను.

చిక్కేమిటంటే కమిటీ నిబంధన. పర్మిట్ లేకుండా అక్కడ పార దిగకూడదు. పర్మిట్ కావాలంటే మరణ ధ్రువపత్రం చూపించాలి. అప్పట్లో ఎవరో తమ చోట్లో కుక్కని పూడ్చారు, గుర్తుందా? అప్పుడు నేను కమిటీలో ఉన్నాను. ఏ మినహాయింపూ ఉండకూడదని పట్టుబట్టి ఈ నిబంధన పెట్టించింది నేనే.

ఎన్నికలైన దగ్గర్నుంచీ ట్రూడీ ఇంట్లోంచి కదలటం లేదు. కిటికీలోంచి సమాధుల్ని కోడిపిల్లల్లా కాచుకుంటోంది. ఆవిడ దగ్గరికెళ్ళి అడగటం నా వల్ల కాదు. వాళ్ళ పార్టీ మనిషి దగ్గర, నా తుపాకీకి, నేను పర్మిట్ అడగాలా? అంతకంటే చావు మేలు.

వసంతం దాకా ఆగు అక్కా.

మెర్ల్


హెమ్లాక్ ఫోర్డ్
డిసెంబరు 2

మెర్ల్,

వసంతానికి నా కన్ను ఆగదని ఆగస్టులోనే రాశాను. నీకు సర్వేలు తప్ప ఏదీ చదవటం రాదు.

అంతకంటే చావు మేలన్నావు. నీ నిబంధన చెప్పేదీ అదే. గవర్నరు, సెనేట్, పోలీసులు కలిసి ఇన్నేళ్ళూ చెయ్యలేని పని నువ్వొక్కడివే చేశావు. ఈ రాష్ట్రంలో, మనిషి చస్తే తప్ప బయటికి రాని తుపాకీ అదొక్కటే.

బుధవారం వచ్చాను. నేరుగా ట్రూడీ వంటింట్లోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. అది పిండి ముద్ద వదిలేసి కుర్చీలో కూలబడి నవ్వింది.

"అక్టోబరులో మట్టి తిరగబడి ఉంటే ఏ అడవిపందికొక్కో అనుకున్నానే!" అంది.

"దూరపు చుట్టమే" అన్నాను.

"అయితే నన్నొక్క మాట అడిగితే పోయేదా?"

"నువ్వు లాక్కుంటావని."

"ఆ పాత తుపాకీనా!"

మధ్యాహ్నం చర్చి నేలమాళిగలో పండగ గుమ్మడికాయ తీపి రొట్టెలు కాలుతుండగా కమిటీ కూర్చుంది. ట్రూడీ, పాస్టరుగారు, గుంతలు తవ్వే లాయిడ్. ఈ ఒక్కసారికి నిబంధన సడలించాలా వద్దా? ట్రూడీ పిండి చెయ్యి ఎత్తింది. లాయిడ్ ఎత్తాడు. పాస్టరుగారు తటస్థంగా పొయ్యి వైపు చూశారు. తీర్మానం నెగ్గింది. ఈ ఏడాది తుపాకుల విషయంలో ఏదైనా తేల్చిన ఎన్నిక అదొక్కటే. ఎవరూ హారన్ కొట్టలేదు.

లాయిడ్ తవ్వాడు. నీ మూత సరిగా బిగలేదు, వాననీళ్ళు దిగాయి. గొట్టం వంచితే ముందు ఎర్రటి రొచ్చు కారింది. తర్వాత నాన్న తుపాకీ వచ్చింది. పంది తొడని ఉప్పులో ఊరేసినట్టు ఊరేశావు కదరా దాన్ని. ఇనుమంతా చిల్లులు. మీట కదల్లేదు. ఉప్పు తేమ పీలుస్తుందట! పీల్చి ఏం చేస్తుందనుకున్నావు, ఇంటికి పట్టుకెళ్తుందనుకున్నావా? నీ పెళ్ళాం కాపురం చేసినన్నాళ్ళూ ఉప్పు సీసాలో నాలుగు బియ్యపు గింజలు వేసేది. అలంకారానికనుకున్నావా?

కర్రకి ఐలీన్ బొంత చుట్టావు, కర్ర బతికింది. ఇనుముకి నీ తెలివి చుట్టావు, అది పోయింది.

అది చూసి ట్రూడీ ఇంట్లోకెళ్ళి తలుపు వెనక నుంచి ఒక రైఫిల్ తెచ్చింది. అదే కంపెనీ, అదే రకం. వాళ్ళ నాన్నది. "మెర్ల్‌కి ఎప్పుడూ చెప్పలేదేమే?" అంటే, "లాక్కుంటావా అని అడిగాడు. నీకూ ఉందా అని ఏనాడూ అడగలేదు" అంది. లాయిడ్ స్క్రూలు విప్పి, దాని కర్ర తీసి నాన్న కర్ర బిగించాడు. కొంచెం వదులు. ఫరవాలేదు, నేనూ అంతే.

శనివారం తెల్లవారగానే వేటగాళ్ళ నారింజ కోటు వేసుకుని వాగు పక్కన, నాన్న కూర్చునే చోటే కూర్చున్నాను. చెంప ఆన్చాను. ఆ నున్నటి పల్లం అలాగే ఉంది. ఎండ పొదల్లోకి దిగే వేళకి జింక వచ్చింది. పెద్దది. అడ్డంగా నిలబడింది, కాల్చుకో అన్నట్టు. నా వేట అనుమతి పత్రం మగదానికి, అంటే కొమ్ములున్నదానికి మాత్రమే. తలకాయ దగ్గర మసక. అవి కొమ్ములో, వెనక చెట్టు కొమ్మలో తేల్చుకోలేకపోయాను. అది కదిలేదాకా చూశాను. కదిలింది, పోయింది. తుపాకీ దించి, తెచ్చుకున్న కాఫీ తాగి, దిగి వచ్చేశాను. నా వేట అయిపోయింది.

ట్రూడీ రైఫిల్ ట్రూడీకిచ్చేశాను. కర్ర నేను తీసుకెళ్తున్నాను. ఆ తుప్పు ముక్క తిరిగి నీ చోట్లోనే పెట్టించాను. చచ్చాక నీ చేతుల్లోంచి లాక్కోమన్నావు కదా. ఎవరూ లాక్కోరు మెర్ల్. అందేటట్టే పెట్టించాను.

విల్డా


హెమ్లాక్ ఫోర్డ్
డిసెంబరు 12

అక్కా,

ఇంటికొచ్చాను. శ్మశానానికి వెళ్ళి చూశాను. ట్రూడీ కిటికీలోంచి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను, ఏం చెయ్యను.

ఉప్పు విషయం తప్పే. నాకు ఐలీన్ గుర్తొచ్చి రోజంతా ఏ పనీ చెయ్యలేకపోయాను. నన్ను ఇంకా నాలుగు తిట్టు, పడతాను. కానీ ఒకటి చెప్పకుండా ఉండలేను. సోమవారం లాయిడ్ అదే వాగు పక్కన జింకను కొట్టాడు. మగదే అక్కా! ఎనిమిది శాఖల కొమ్ములు. నువ్వు చూసింది అదే, అనుమానం లేదు. గోడకి తగిలించుకునేంత తల.

ఎందుకు వదిలేశావు? ఆఖరి వేట. నాన్న చోటు, నాన్న కర్ర. కాల్చెయ్యాల్సింది. ఆడదైతే మాత్రం ఏం, అంత అడవిలో ఎవరు చూస్తారు?

మెర్ల్


లాంకాస్టర్
డిసెంబరు 18

మెర్ల్,

నాన్న ఆ తుపాకీ నాదని ఎందుకన్నాడో అర్థం కాలేదని సెప్టెంబరులో అడిగావు. ఎవరు చూస్తారని ఇప్పుడు అడిగావు.

మొదటి ప్రశ్నకి జవాబు రెండోదే.

అక్క